పేరున్న పటం, తేదీ ఉన్న పటం

1915లో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సైనికులను అధికారిక ఛాయాగ్రాహకుడి హోదాలో ఫొటోలు తీసినవాడు గిర్డ్‌వుడ్. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ ఫొటోల వివరణల్లో పటాలమో, ప్రదేశమో తరచు కనిపిస్తుంది. జవాను పేరు కనిపించడం అరుదు. మన ఇళ్ళలో ఇందుకు తలకిందులు. గోడమీది పటంలో ఉన్నది తాతగారని తెలుసు. ఏ యుద్ధమో, ఏ ఏడో తెలియదు.

అటువంటి పటం దొరికితే మేము ముందు దుస్తులు చూస్తాం. భుజంమీది ఇత్తడి అక్షరాలు దళాన్ని చెబుతాయి. ఛాతీమీద బర్మా స్టార్ రిబ్బను ఉంటే ఫొటో 1945కు ముందుది కాదు. ఆ పతకాన్ని నెలకొల్పింది ఆ ఏడే. అట్టమీది స్టూడియో ముద్ర ఊరు చెబుతుంది. బెంగళూరు అని ఉంటే, అక్కడ కేంద్రమున్న మద్రాసు సాపర్స్ దళం గుర్తుకు రావాలి. అయితే భుజంమీది అక్షరాలు కూడా సరిపోలితేనే నిర్ధారించాలి.

పేరు మాత్రం ఇంటి పెద్దలే చెప్పాలి. బెంగళూరు, కామఠీ వంటి దండు ఊళ్ళలో పెరిగిన విద్యార్థులు ఈ సెలవుల్లోనే అడగండి. చెప్పిన పేరు, చెప్పినవారి పేరు, తేదీ పటం వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి. ఆ అవ్వ లేనినాడు మేము రాయగలిగేది ఒక్కటే: జవాను, పేరు తెలియదు.