అల్లర్ల వీధుల నుంచి తరగతి గదికి: ఫిలిప్ మేయర్ కృషి - ఒక పరిశీలన

1967 జులైలో అమెరికాలోని డెట్రాయిట్ నగరం అల్లర్లతో అట్టుడికిపోయింది. 43 మంది ప్రాణాలు పోయాయి. వీధుల్లోకి దిగిన నల్లజాతివారు ఎవరు, ఎందుకు దిగారు? ఈ ప్రశ్నకు అప్పట్లో రెండు జవాబులు బాగా చెలామణీలో ఉండేవి. చదువూ సంధ్యా లేక అట్టడుగున ఉండిపోయినవాళ్లే తెగించారన్నది ఒకటి. దక్షిణాది నుంచి వలస వచ్చి, నగర జీవితంలో ఇమడలేనివాళ్ల పని ఇదన్నది రెండోది. రెండూ నమ్మబుద్ధేసేవే. నిజమో కాదో తేల్చి చూసినవాళ్లు మాత్రం లేరు.

ఆ పనికి పూనుకున్న విలేకరి ఫిలిప్ మేయర్.

నైట్ గ్రూపు పత్రికల వాషింగ్టన్ విలేకరిగా ఉన్న మేయర్, అంతకుముందు ఏడాది పాత్రికేయులకిచ్చే నీమన్ ఫెలోషిప్‌పై హార్వర్డ్‌లో సామాజిక శాస్త్రాల పరిశోధన పద్ధతులు నేర్చుకున్నారు. కంప్యూటర్‌తో గణాంకాలు విశ్లేషించడం అక్కడే అలవడింది. ఆ చదువు డెట్రాయిట్‌లో అక్కరకొచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నేథన్ కాప్లన్, జాన్ రాబిన్సన్‌లతో కలిసి, అల్లర్లు జరిగిన ప్రాంతంలో శాంపిల్‌గా ఎంచుకున్న 437 మంది నల్లజాతివారిని సర్వే చేయించారు. డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక ఆ ఫలితాలను ఆగస్టులోనే అచ్చు వేసింది.

అంకెలు రెండు జవాబులనూ తోసిపుచ్చాయి. హైస్కూలు చదువు మధ్యలో మానేసినవారిలో అల్లర్లలో పాల్గొన్నామని చెప్పినవారు 18 శాతం. కాలేజీ మెట్లెక్కినవారిలోనూ అంతే, 18 శాతం. దక్షిణాదిలో పెరిగినవారిలో 8 శాతం పాల్గొంటే, ఉత్తరాదిలో పెరిగినవారిలో 25 శాతం పాల్గొన్నారు. అంటే ఆగ్రహం బయటి నుంచి వచ్చి చేరినది కాదు, ఉత్తరాది నగరాల్లోనే పెరిగినది. అల్లర్లపై ఆ పత్రిక చేసిన కృషికి 1968లో పులిట్జర్ బహుమతి దక్కింది.

మేయర్ తర్వాతి జీవితమంతా ఈ అనుభవానికి కొనసాగింపేనని ఈ వ్యాసం ప్రతిపాదన. 1973లో వెలువడిన ఆయన పుస్తకం ‘ప్రెసిషన్ జర్నలిజం’ శాంపిల్ ఎంపిక, ప్రశ్నావళి తయారీ, గణాంక పరీక్ష వంటివాటిని విలేకరులకు అర్థమయ్యేలా వివరించింది. 1981లో ఆయన నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా పాఠాలు చెప్పారు. మధ్యలో అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘానికి అధ్యక్షుడిగానూ పనిచేశారు. న్యూస్‌రూమ్‌లో కంప్యూటర్ వాడకానికి ఆద్యుడన్న పేరు ఆయనకు ఉంది. అయితే ఆయన పట్టుబట్టింది యంత్రం గురించి కాదు. వార్తలో చెప్పిన మాటకు రుజువేమిటి, ఆ రుజువు ఎలా సేకరించారు, అదే పద్ధతిలో ఇంకొకరు చేస్తే అదే ఫలితం వస్తుందా అన్న శాస్త్రీయ విచారణ గురించి.

అదే విచారణను ఆయన తన వృత్తికీ వర్తింపజేశారు. పత్రిక నాణ్యతకూ, దాని వ్యాపార మనుగడకూ ఉన్న సంబంధాన్ని 2004 నాటి ‘ది వానిషింగ్ న్యూస్‌పేపర్’ పుస్తకంలో అంకెలతో పరిశీలించారు. సమాజం మీద ఒక పత్రికకు ఉండే ప్రభావమే దాని అసలు పెట్టుబడి అన్నది అందులోని వాదన. ఖర్చు తగ్గింపు పేరుతో విలేకరులను తగ్గించుకుంటూ పోతే ఆ పెట్టుబడే కరిగిపోతుందని యాజమాన్యాలను హెచ్చరించారు.

సర్వే పద్ధతికీ హద్దులున్నాయి. అల్లర్లలో పాల్గొన్నదీ లేనిదీ జవాబిచ్చినవారి మాట మీదే ఆధారపడి తేల్చాలి. పైగా ఎవరు పాల్గొన్నారో చెప్పినంత స్పష్టంగా ఎందుకు పాల్గొన్నారో అంకెలు చెప్పలేవు. వీధిలో తిరిగి మనుషులతో మాట్లాడే విలేకరి అవసరం అందుకే తీరిపోదు.

మేయర్ 2023 నవంబరులో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతకుముందే, 2011లో ఇంగ్లండ్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు గార్డియన్ పత్రిక, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కలిసి చేపట్టిన ‘రీడింగ్ ద రయట్స్’ పరిశోధనకు నమూనా ఆయన డెట్రాయిట్ సర్వేయే.