ప్రసూతి సెలవు ఎవరిదాకా వచ్చింది

ఈ ఏడాది మన సంఘం మీటింగుల్లో అప్పులు, వడ్డీల తర్వాత ఎక్కువసార్లు వచ్చిన మాట ప్రసూతి సెలవు. దువ్వాడలో మన సభ్యుల పనులు ఒక రకం కాదు. కొందరు సెజ్ కంపెనీల్లో ఉన్నారు, కొందరు కాంట్రాక్టర్ల దగ్గర హౌస్‌కీపింగులో, కొందరు ఇళ్ళ పనిలో. ఇంకొందరు ఇంట్లోనే మిషన్ కుట్టుకుంటారు. ఒకే వీధిలో ఇద్దరికి ఒకే నెలలో కాన్పయితే, ఒకరికి ఆరు నెలలు జీతంతో సెలవు. ఇంకొకరు నెల తిరక్కుండా పనికి వెళ్ళకపోతే ఆ ఇంటి పని పోతుంది. ఈ తేడా ఎలా వచ్చిందో చదివి, తెలిసినవాళ్ళని అడిగి ఇది రాశాము.

మన దేశంలో ఈ చట్టం మొదట 1929లో బొంబాయిలో వచ్చింది, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి. అంతకు ముందు ఏడాది అక్కడి శాసనమండలిలో అంబేద్కర్ గారు ఆ బిల్లుని సమర్థించారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు, కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలన్నది ఆయన వాదన. కొన్నేళ్ళకి మద్రాసు ప్రభుత్వం కూడా అలాంటి చట్టం చేసింది. మన విశాఖ అప్పుడు మద్రాసు కిందే ఉండేది. కానీ పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళ ఊసు అందులో లేదు.

దేశమంతటికీ చట్టం 1961లో వచ్చింది. ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో పనిచేసేవాళ్ళకి జీతంతో 12 వారాలు. 1973లో సర్కస్‌లో పనిచేసే ఆడవాళ్ళని కలిపారు (ఇది చదివి మీటింగులో అందరం నవ్వాము, కానీ వాళ్ళూ కష్టజీవులే కదా). 1988లో పదిమంది, అంతకు మించి పనిచేసే షాపులకీ వర్తింపజేశారు. అంతకు ముందు 160 రోజులు పనిచేసి ఉండాలనే షరతు 80 రోజులకి తగ్గింది.

మనకి బాగా దగ్గరగా ఉన్నది ఢిల్లీ ఆడవాళ్ళ కథ. అక్కడ మునిసిపల్ కార్పొరేషన్‌లో రోడ్ల పనికి, మట్టి పనికి మస్టర్ రోల్ మీద ఏళ్ళ తరబడి పనిచేసేవారు. పర్మినెంటు వాళ్ళకి సెలవు ఉంది, వీళ్ళకి లేదు. మీరు రోజు కూలీలు, ఈ చట్టం మీకు కాదు అన్నది కార్పొరేషన్. యూనియన్ ద్వారా కేసు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2000 మార్చి 8న కోర్టు వీళ్ళకీ ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. గర్భంతో ఉన్న మనిషి మట్టి తవ్వుతుంటే ఆమె పర్మినెంటా, రోజు కూలీయా అని కడుపులో బిడ్డకి ఏం తెలుస్తుంది!

2017లో 12 వారాలు 26 వారాలయ్యాయి, మొదటి ఇద్దరు పిల్లలకి. మంచిదే. కానీ మాకు అనిపించేది ఏమిటంటే, అప్పటికే సెలవు ఉన్నవాళ్ళకి సెలవు పెరిగింది, లేనివాళ్ళు లేకుండానే ఉండిపోయారు. పైగా ఈఎస్ఐ లేనిచోట ఆ జీతమంతా యజమానే ఇవ్వాలి. అందుకే కొత్తగా పెళ్ళైన పిల్లని పనిలోకి తీసుకోవడానికి వెనకాడతారు. అంబేద్కర్ గారి మాట ఇక్కడ గుర్తొస్తుంది. ఈఎస్ఐ ఉంటే డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది.

మన రాష్ట్రంలో 2025లో ఆశా కార్యకర్తలకి మొదటి రెండు కాన్పులకి 180 రోజులు జీతంతో సెలవు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊళ్ళో ప్రతి బాలింత వెనకా తిరిగిన ఆశాలకి అన్నేళ్ళ తర్వాత ఆ మాట వినబడింది.

ఇళ్ళ పని చేసేవాళ్ళకి, మిషన్ కుట్టేవాళ్ళకి ఇప్పటికీ జీతంతో సెలవు లేదు. మాతృ వందన పథకంలో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు వస్తాయి. ఆహార భద్రత చట్టం 2013లోనే 6,000కి తగ్గకూడదని చెప్పింది.

మా సంఘంలో ఒక చెల్లికి ఏడో నెలలో పని ఆగిపోయింది. కాంట్రాక్టరు మారాడు, కొత్త లిస్టులో నీ పేరు లేదన్నారు. గర్భంతో ఉండగా పని తీసేసినంత మాత్రాన ప్రసూతి డబ్బు హక్కు పోదని చట్టంలో ఉంది. కానీ 80 రోజులు చేసినట్టు చూపడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. సెజ్‌లో లేబర్ చట్టాలు ఉండవని కూడా ఎవరో ఆమెకి చెప్పారట. అది నిజం కాదు, ఈ చట్టం అక్కడా ఉంది.

అందుకని ఈ నెల నుంచి సంఘం పుస్తకంలో వెనక పేజీల్లో పనికి వెళ్ళే ప్రతి సభ్యురాలి ఈఎస్ఐ నంబరు, పనిలో చేరిన తేదీ, కాంట్రాక్టరు పేరు రాస్తున్నాము. జీతం స్లిప్పు ఇస్తే దాని జిరాక్స్ కూడా పెడుతున్నాము. ఇళ్ళ పనికి వెళ్ళేవాళ్ళ పేర్లు వేరే పేజీలో రాస్తున్నాము. ఎవరి పేరైనా రాలేదంటే వచ్చే మీటింగుకి వివరాలు తీసుకురండి.