పాత గిటారు నేర్పిన పాఠము

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన దేవాలయములను గూర్చియు, దైవసేవకులను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము ఒక పాత గిటారును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా సంఘపు వెస్ట్రీలో బీరువాపై ఒక గిటారు ఉన్నది. దాని పై పలక ఉబ్బినది, బ్రిడ్జి సగము లేచినది, పలకపై నిలువున పగులు పడినది. కాలము చేసిన పని అని అందరును అనుకొనిరి. కాని తప్పు మాది. యౌవనస్థుల కూటములలో శబ్దము గట్టిగా రావలెనని దానికి ఉక్కు తీగలు వేయించినది మేమే.

బాగుచేయు పెద్దాయన చిన్న అద్దము, దీపము లోపలికి పెట్టి చూచెను. పలుచని బద్దలు గుణకారపు గుర్తు వలె ఒకదానినొకటి దాటుచున్నవి. "అయ్యగారూ, ఇది ఉక్కు తీగలకు చేసింది కాదండీ" అనెను. ఆ మాటయే మమ్మును చరిత్ర వైపు నడిపించినది.

ఈ బద్దల అమరికను స్థిరపరచినవారిలో ముఖ్యుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్. ఆయన 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున వడ్రంగుల కుటుంబమున జన్మించెను. అక్కడ వయొలిన్లు చేయువారు, బల్లలు బీరువాలు చేయువారికి గిటారులు చేయు హక్కు లేదని తగవుపడిరి. మార్టిన్ 1833లో న్యూయార్కునకు వలసపోయి, కొద్ది ఏండ్లకే పెన్సిల్వేనియాలోని నజరేతునకు తరలెను. అది మొరేవియన్ సహోదరుల గ్రామము; 1732లోనే మిషనరీలను పంపిన సంఘము వారిది. అయినను 1898 వరకు ఆ గిటారులపై న్యూయార్కు అనియే ముద్ర వేసిరి. నతనయేలు అడిగిన ప్రశ్నను జ్ఞాపకము చేసికొని పాఠకులు నవ్వుకొనవచ్చును!

మార్టిన్ కాలమున తంత్రులు పశువుల ప్రేగులతో చేయబడెడివి. ఉక్కు తీగలకు తగినట్లు ఆ కార్ఖానావారు గిటారులను బలపరచుట 1922 నుండి క్రమముగా సాగినది. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలముతో బ్రిడ్జిని లాగును; ప్రేగు తంత్రుల లాగుడు దానిలో దాదాపు సగమే. మా గిటారు ఆ కార్ఖానాది కాదు. ఆ పోకడలో ఎవరో చేసినది. సగము బరువు మోయుటకు పుట్టినదానిపై మేము రెండింతలు మోపితిమి.

బాగుసేత కష్టమే గాని అసాధ్యము కాదు. పూర్వపు పనివారు పశుచర్మము కాచి తీసిన జిగురు వాడిరి. వేడి, తడి తగిలిన అది వదలును గనుక కొయ్య విరుగకుండ బ్రిడ్జిని తీసి మరల అతికింపవచ్చును. పగులును మూసి, లోపలివైపు చిన్న కొయ్య ముక్కలు అతికింతురు. పాత వార్నిషును మాత్రము గీకరాదు. గీకినచో పలక పలుచబడును, వాయించిన చేతుల గుర్తులును పోవును.

ఉత్సవమునకు దానిని గీకి, రంగు వేసి, క్రొత్తదాని వలె నిలబెట్టవలెనని కమిటీలో కొందరు కోరిరి. అట్లు చేయవద్దని మేము బ్రతిమాలితిమి. ఉక్కు తీగలు విప్పించితిమి. పని ముగిసిన పిమ్మట నైలాను తంత్రులు వేయింతుము. శబ్దము తగ్గును, నిజమే. పాటలు పాడువారు కొంచెము నెమ్మదిగా పాడిన సరిపోవును.

మీ సంఘములలోను ఇట్టి పాత వాద్యములు ఉండవచ్చును. తీగ బిగించుటకు ముందు, రంగు డబ్బా తెరచుటకు ముందు, ఒక్కసారి లోపలికి చూడుడని మా మనవి.