గడులలోని అంకెలు – శేషానుమానము



మా ఈపురుపాలెము చీరాలకును బాపట్లకును నడుమ నున్న గ్రామము. మగ్గపు చప్పుడు వినుచు పెరిగినవారికి పడుగు పేకల సంగతి వేరుగ చెప్పవలసిన పని లేదు. నేడు నేను మనవి చేయబోవునదియు అడ్డు నిలువుల నేతయే; కాని యది నూలుతో గాదు, అంకెలతో. వార్తాపత్రికలలో ప్రతిదినము కానవచ్చు సుడోకు అను గడుల చిక్కు ఎక్కడినుండి వచ్చినది, అది ముందునకు సాగక నిలిచిపోయినపుడు దానిని విప్పు మార్గమేది అను రెండు విషయములను ముచ్చటించెదను.

గడులలో అంకెల నమర్చు విద్య మనకు క్రొత్త గాదు. క్రీస్తు శకము ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తిని చెప్పుచు, పదునాఱు సుగంధ ద్రవ్యములను పదునాఱు గడులలో నుంచెను. వాని భాగములు మొదటి వరుసలో 2, 3, 5, 8. రెండవ దానిలో 5, 8, 2, 3. మూడవ దానిలో 4, 1, 7, 6. నాలుగవ దానిలో 7, 6, 4, 1. అడ్డముగా గూర్చినను నిలువుగా గూర్చినను మొత్తము 18 భాగములే. 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో భద్రగణితమని యొక ప్రకరణమునే ఇట్టి చదరములకు కేటాయించెను.

ఐరోపాలో ఆయిలరు అను గణితవేత్త 1782లో ప్రకటించిన వ్యాసమున వేఱొక రీతి చదరమును విచారించెను. ఇందు కూడికతో పని లేదు. ఏ గుర్తును ఒకే వరుసలో రెండుమారులు రాకుండుటయే నియమము. దీనికి లాటిను చదరమని పేరు. ఇది వట్టి వినోదముగా నిలిచిపోలేదు. చేనిలో ఒక ప్రక్క సారము, ఒక ప్రక్క చవుడు ఉన్నపుడు ఏ విత్తనము మేలైనదో తేల్చుటకు, ప్రతి విత్తనమును ప్రతి అడ్డు వరుసలోను నిలువు వరుసలోను ఒక్కొక్కమారు వేసి చూచు పద్ధతిని ఫిషరు పండితుడు వ్యవసాయ పరిశోధనలలో వ్యాపింపజేసెను. ఇట్టి అమరికల శాస్త్రమును 1940ల దశకమున మఱింత పెంచినవారిలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు ఒకరు.

1979లో అమెరికాలో హోవర్డు గార్న్సు రూపొందించిన చిక్కు ఒక పత్రికలో వెలువడెను. తొమ్మిది వరుసల చదరమును తొమ్మిది చిన్న చదరములుగా విభజించి, ఒకటి మొదలు తొమ్మిది వఱకు గల అంకెలు ప్రతి అడ్డు వరుసలోను, నిలువు వరుసలోను, చిన్న చదరములోను ఒక్కొక్కమారే రావలెనని నియమించిరి. 1984లో జపాను దేశపు నికోలి సంస్థ దానిని చేపట్టెను. సుడోకు అను పేరు అచ్చటిదే. 2004లో లండను టైమ్సు పత్రికలో వెలువడిన పిమ్మట అది లోకమంతట వ్యాపించెను.

ఇక విప్పు మార్గము. మన న్యాయశాస్త్రమున అనుమానము మూడు విధములు: పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టము. శేషవత్తునకు వాత్స్యాయనుడు చెప్పిన అర్థములలో నొకటి పరిశేషము: కూడనివానిని ఒక్కొక్కటిగ త్రోసివేయగా మిగిలినదానిని గ్రహించుట. సుడోకునకు ప్రాణ మిదియే.

మొదట గడిని అడుగవలెను: నీలో ఏ అంకె కూడును? దాని మూడు చుట్టములలో, అనగా అడ్డు వరుసలో, నిలువు వరుసలో, చిన్న చదరములో, ఎనిమిది అంకెలు కలసి కనబడిన తొమ్మిదవది సిద్ధము. అట్లు తేలనిచో అంకెను అడుగవలెను: ఈ చిన్న చదరములో 6 ఎక్కడ? పై రెండు అడ్డు వరుసలలో ప్రక్క చదరములందు 6 వచ్చియున్న యెడల, మనది మూడవ వరుసలోనే యుండవలెను. అందు రెండు గడులు నిండియున్నచో మిగిలిన గడియే దాని స్థానము.

అదియు సాగనిచో జంటలను వెదకవలెను. ఒక వరుసలో 2, 5, 7, 9 మిగిలినవనుకొనుడు. నాలుగు ఖాళీలలో రెండింట 2, 5 మాత్రమే కూడును. ఏది యెందుండునో తెలియకున్నను, ఆ రెండంకెలును ఆ రెండు గడులవే. కావున 2, 5, 7 కూడునని తోచిన మూడవ గడిలో 7 నిశ్చయము. నాలుగవ దానిలో 9. తెలియనిదానిని తెలియనట్లే యుంచి, తెలిసినంతవఱకు ముందునకు పోవుట యిందలి నేర్పు.

కట్టకడపట తర్కము. ఒక గడిలో 3 లేక 8 అని తేలినపుడు, 3 అని పెన్సిలుతో నుంచి చూడవలెను. దానివలన ఒకే వరుసకు రెండు 4లు వచ్చిన యెడల 3 అసత్యము, 8 సిద్ధము. విరోధము రాకపోయిన మాత్రమున 3 సత్యమని వ్రాయరాదు. ఊహకును తర్కమునకును గల భేద మిదియే.

పరిశేషమునకు ఒక ప్రమాదము కలదు. నా యుపాధ్యాయ జీవితమున ఒకనాడు నా కలము కానరాలేదు. గదిలో నున్నవారు అయిదుగురు బాలురు. నలుగురు బయటనే యుండిరని తేల్చుకొని, మిగిలిన వాడే తీసెనని నిశ్చయించి, అందఱి యెదుట వానిని నిలువబెట్టితిని. వాడు ఏడ్చెనే గాని ఒప్పుకొనలేదు. సాయంకాలము కలము నా పుస్తకము నడుమ దొరకెను. త్రోసివేయుటలో నేను పొరపడలేదు. ఎవరును తీయలేదు అను ఆఱవ గడిని అసలు లెక్కలోనికే తీసికొనలేదు. మఱునాడు తరగతిలోనే వానిని క్షమింపు మంటిని. వాడు తల యూపెను గాని, తరువాత నా యెదుట నోరు విప్పి ప్రశ్న యడుగుటకు ఏడాది పట్టెను.

గ్రామమున పెద్దలయొద్దకు తగవులు వచ్చుచుండును. అనుమానితులను లెక్కించునపుడు గడులన్నియు లెక్కకు వచ్చినవా యని ఒకమారు చూచుకొనుడు. పత్రికలో తప్పు అంకెను తుడిచివేయవచ్చును. మనుష్యునిపై వేసిన మచ్చ అంత సులభముగ తుడుపు పడదు. చిక్కుపడిన పడుగును మా నేతవారు లాగరు; కొస దొరకువఱకు ఓపికతో వెదకుదురు. సుడోకు నేర్పునదియు అదియే.

సెలవు.