మధ్యమ సంకేతమున దోషాన్వేషణము

ఒక గ్రంథమును ఒక భాషనుండి వేరొక భాషలోనికి తెచ్చువానికి రెండు ధర్మములు కలవు. మూలమునందలి అర్థమును చెడనీయరాదు. చేరుభాషలో మాట సుఖముగా నడువవలెను. మొదటిది తప్పినచో రెండవది ఎంత చక్కగా నెరవేరినను ప్రయోజనము లేదు. కంప్యూటరుల లోకమునందలి అనువాదకునికిని ఈ న్యాయమే వర్తించును. మనుష్యుడు తనకు తెలియు రీతిని వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు సూచనలుగా మార్చు సాధనమునకు కంపైలరని పేరు. అది మూలమును ఒక్కసారిగా యంత్రభాషలోనికి మార్చదు. ముందుగా రెంటికిని నడుమనుండు ఒక రూపమున వ్రాసికొనును. దానినే మధ్యమ సంకేతమందురు. వృథాశ్రమను తొలగించుట, మెమరీని పొదుపుగా వాడుట మొదలగు పనులు చాలవరకు ఆ రూపముమీదనే జరుగును. ఈ పనులకు ఆప్టిమైజేషనని పేరు. ఈ ప్రసంగమున మనము దానిని సంస్కరణమందము. కొన్ని కఠినమైన దోషములు పుట్టుచోటును, వాటిని పట్టుచోటును ఈ మధ్యమ సంకేతమే. డెబ్బది సంవత్సరములు దాటిన ఆ చరిత్రను శ్రోతలకు సంగ్రహముగా మనవి చేయుదును.

1953 చివర అమెరికాలోని ఐ.బి.యం. సంస్థలో జాన్ బాకస్ ఒక ప్రతిపాదన చేసెను. గణితసూత్రములను ఇంచుమించు కాగితముమీద వ్రాసినట్లే వ్రాసినచో, వాటిని 704 అను యంత్రమునకు తగిన సూచనలుగా మార్చు సాధనమును నిర్మింపవచ్చునని ఆయన వాదము. ఆనాటి నిపుణులలో పెక్కురు దీనిని నమ్మలేదు. చేతితో వ్రాసిన సూచనలతో కంపైలరు వ్రాసిన సూచనలు వేగమున సరితూగజాలవని వారి నిశ్చయము. యంత్రకాలము మిక్కిలి వెలగలది. కావున ఆ సందేహము నిర్హేతుకము కాదు. బాకస్ బృందమునకు మొదటినుండియు వేగమే పరీక్ష అయ్యెను. ఇట్లు సంస్కరణము ఈ కంపైలరుతో కవలగా పుట్టినది.

704 యంత్రమునకు ఇండెక్సు రిజిస్టరులనబడు వేగవంతమైన అరలు మూడే ఉండెను. వరుసగా పేర్చిన సంఖ్యలను ఒక్కొక్కటిగా అందుకొనుటకు అవి అవసరము. మూడింటితో పని సరిపెట్టుట యెట్లను చిక్కును బృందమువారు దశలుగా విడదీసిరి. మొదట అట్టి రిజిస్టరులు లెక్కలేనన్ని ఉన్నవని భావించి సూచనలు వ్రాయించిరి. లేని యంత్రమునకై వ్రాసిన ఆ సూచనలే ఫోర్ట్రాన్ యొక్క మధ్యమ సంకేతము. తరువాత లోయిస్ హైబ్ట్ వ్రాసిన భాగము ప్రోగ్రాములోని ఏ ఖండము ఎన్ని పర్యాయములు నడచునో అంచనా కట్టెను. షెల్డన్ బెస్ట్ వ్రాసిన భాగము ఆ అంచనాను చూచి, ఎక్కువగా నడచు ఖండములకు మేలు కలుగునట్లు ఉన్న మూడు రిజిస్టరులను పంచిపెట్టెను. 1957 ఏప్రిలులో ఫోర్ట్రాన్ కంపైలరు వెలువడెను. అది వెలువరించిన సూచనలను చూచి దానిని నిర్మించినవారే ఆశ్చర్యపడిన సందర్భములు కలవు. మూలమున ఒకచోట నున్న పని ఫలితమున ఎక్కడికో చేరియుండెడిది. తప్పేమోయని పరిశీలించినచో సరిగానే యుండెడిది. ప్రోగ్రాము వ్రాసినవాని కన్నుకు అందనిచోట దాని రూపము మారుచున్నదను సంగతి ఆనాడే తేటపడినది.

ఆ 1957 సంవత్సరమునందే ఫ్రాన్సెస్ ఆలెన్ ఐ.బి.యం.లో చేరి, శాస్త్రజ్ఞులకు ఫోర్ట్రానును బోధింప మొదలిడెను. తరువాతి కాలమున ఆమెయు జాన్ కోక్ అను సహచరుడును కలిసి ఈ సంస్కరణములకు శాస్త్రరూపము నిచ్చిరి. ఒక విలువ ఎచ్చట పుట్టినది, ఏ దారులవెంట నడచినది, ఎచ్చట వినియోగపడినది అను సంగతులను మధ్యమ సంకేతమునుండి క్రమపద్ధతిని రాబట్టుట వారి మార్గము. ఒకే లెక్కను రెండుమారులు చేయకుండుట, మరల మరల తిరుగు చక్రములో మారని పనిని చక్రమునకు వెలుపలికి తెచ్చుట, ఎవ్వరికిని అక్కరకు రాని ఫలితమును లెక్కింపకుండుట మొదలగువాటికి వారు ఒక పట్టికయే కూర్చిరి. కోక్ 1987లోను, ఆలెన్ 2006లోను ట్యూరింగు బహుమానము నందిరి. ఆ గౌరవము పొందిన తొలి మహిళ ఆలెన్.

లెక్కలవరకు ఈ మార్గము నిష్కంటకము. చిక్కంతయు మెమరీవద్ద వచ్చినది. పల్లెలో ఒక పొలమునకు రికార్డులో సర్వే నంబరుండును. ఊరివారి నోట చెరువుకింది మడి అను పేరుండును. రెండును ఒక్కటేయని తెలియని గుమాస్తా, చెరువుకింది మడి అమ్ముడుపోయిన తరువాతకూడ సర్వే నంబరుకు పాత యజమాని పేరే వ్రాయును. మెమరీలోని అరకును ఇట్లే రెండు పేర్లుండవచ్చును. ఒక పేరుతో చదివిన విలువ ఐదు. నడుమ వేరొక పేరుతో తొమ్మిది వ్రాయబడినది. పేర్లు వేరు గనుక అరలును వేరని తలచి, రెండవమారు చదువుట వృథాయని సంస్కర్త తొలగించినచో, ప్రోగ్రాము పాత ఐదుతోనే సాగిపోవును. రెండును ఒక్కటి కావచ్చునని ఎల్లవేళల భయపడినచో సంస్కరణమే జరుగదు.

ఈ సమస్యకు భాషలు వేర్వేరు సమాధానములు చెప్పినవి. 1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణము బాధ్యతను ప్రోగ్రాము వ్రాయువానిపైననే ఉంచెను. ఉపప్రోగ్రామునకు రెండు పేర్లతో ఒకే అర నిచ్చి దాని విలువను మార్చరాదని నియమము. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో మెమరీ చిరునామాలను యథేచ్ఛగా వాడు స్వాతంత్ర్యము కలదు. 1988లో ఆ భాషకు ప్రమాణమును వ్రాయు సంఘము, రెండవ పేరు లేదని చాటు ఒక పదమును చేర్పబోగా, అది అపాయకరమని రిచీ స్వయముగా ఖండించెను. సంఘము దానిని విడిచిపెట్టెను. అదే ప్రయోజనముగల మరియొక పదము, నియమములు సరిదిద్దబడి, 1999 ప్రమాణమున చేరినది. ఒక్క పదమునకు పదునొకండు సంవత్సరములు పట్టుటయే చిక్కుయొక్క లోతును తెలుపును.

మధ్యమ సంకేతమును నిర్మించు రీతియు ఇంతలో మారెను. 1988లోను, మరింత విపులముగా 1991లోను ఐ.బి.యం. పరిశోధకులును వారి సహచరులును ఒక నూతన రూపమును ప్రకటించిరి. ఆ రూపమున ప్రతి పేరునకును ఒక్కమారే విలువ నిచ్చుదురు. విలువ మారినచో పేరును మారును. దీనివలన ఏ విలువ ఎచ్చటినుండి వచ్చినదో వెదుకుట మిక్కిలి సులభమయ్యెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆద్వే ఆరంభించి, 2003లో తొలిసారి విడుదలచేసిన ఎల్.ఎల్.వి.యం. ఈ రూపముమీదనే నిలిచినది. కాని ఈ నియమము పేర్లకే వర్తించును. మెమరీలోని అరలకు వర్తింపదు. చిరునామా బయటికి పొక్కని అరలను మాత్రమే పేర్లుగా మార్చి ఈ క్రమములోనికి తేగలరు. మిగిలిన వానివద్ద పాత సందేహము అట్లే నిలిచినది.

ఆ సందేహమునకు ఎంత వెల యుండునో 2009లో లోకము చూచెను. లినక్సు కేంద్రభాగమునందు, యంత్రములోనే వలసంబంధమును కల్పించు ఒక భాగము కలదు. అందొకచోట, ఒక చిరునామా శూన్యమేమోయని పరీక్షించి, శూన్యమైనచో వెనుదిరుగుమని వ్రాసియుండెను. అయితే ఆ పరీక్షకు ముందు పంక్తిలోనే ఆ చిరునామాను వాడి ఒక విలువను చదివియుండిరి. కంపైలరు తర్కించిన తీరిది: శూన్యమైన చిరునామాను వాడుటకు భాషలో అర్థమే లేదు, దీనిని ఇంతకుముందే వాడినారు, కావున ఇది శూన్యము కాజాలదు, కావున తరువాతి పరీక్ష వృథా. పరీక్ష తొలగిపోయెను. కాపలాగా నిలిచిన పంక్తి మూలమున కన్నులకు కనబడుచునే యుండెను. యంత్రము నడుపు సూచనలలో మాత్రము లేదు. సున్న చిరునామావద్ద తన విలువలను ముందుగానే పెట్టగలిగిన దుర్జనుడు యంత్రముపై సర్వాధికారము చేజిక్కించుకొనవచ్చునని ఆ సంవత్సరము జూలైలో నిరూపింపబడెను. తప్పు ప్రోగ్రాము వ్రాసినవారిదా, కంపైలరుదా? భాషానియమముల ప్రకారము కంపైలరు నిర్దోషి. అయినను లినక్సు నిర్వాహకులు ఆ పంక్తుల వరుసను సరిదిద్దుటయే కాక, అట్టి పరీక్షలను తొలగింపవద్దని కంపైలరునకు ప్రత్యేకముగా ఆజ్ఞాపించిరి.

పెక్కు పనులు ఏకకాలమున నడచు ప్రోగ్రాములలో ఈ ఇబ్బంది ఇంకొక రూపము దాల్చెను. ఒక పని మెమరీలోని గుర్తు మారువరకు వేచియుండును. వేరొక పని ఆ గుర్తును మార్చును. మొదటి పనిని మాత్రమే చూచిన సంస్కర్త, ఇచ్చట గుర్తును మార్చువారెవ్వరును లేరని తలచి, దానిని ఒక్కమారే చదివించును. ఇక ఆ వేచియుండుటకు అంతము లేదు. కంపైలరులు సాధారణముగా చేయు సంస్కరణములు జావా భాషయొక్క మెమరీ నియమములకు విరుద్ధములని విలియం ప్యూ 1999లో చూపెను. ఆ నియమములు 2004లో తిరిగి వ్రాయబడినవి. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలకు అట్టి నియమములు 2011లో కాని ఏర్పడలేదు.

ఇట్టి దోషములను పట్టుట యెట్లు? సంస్కరణములను నిలిపివేసినంతనే దోషము మాయమైనచో, కంపైలరే దోషియని తొందరపడి తీర్పు చెప్పుట కలదు. 2009 ఉదంతము దానికి హెచ్చరిక: మూలముననే దాగిన తప్పు సంస్కరణమువలన బయటపడవచ్చును. ముందు దోషస్థానమును నిర్ణయింపవలెను. 1994లో డేవిడ్ వాలీ ప్రకటించిన పద్ధతి ఇందుకు సుగమము. సంస్కరణములను వరుసగా లెక్కించి, సగముమాత్రమే జరుగనిచ్చి ఫలితమును చూడవలెను. దోషమున్నచో మొదటి సగమును, లేనిచో రెండవ సగమును మరల రెండుగా చేయవలెను. వెయ్యి సంస్కరణములలో దోషమును కలిగించినదానిని పది పరీక్షలలో పట్టవచ్చును. 2012లో గూగుల్ పరిశోధకులు మధ్యమ సంకేతమునే కాపలాకు వినియోగించిరి. మెమరీని తాకు ప్రతి సూచనకు ముందు ఒక పరీక్షను చేర్చు వారి సాధనము ప్రోగ్రామును సగటున 73 శాతము నెమ్మది చేసినను, దాగియున్న మెమరీ దోషములను తప్పు జరిగిన చోటనే చూపినది.

కంపైలరు నిజముగా దోషియైన సందర్భములును కొల్లలు. ఉటా విశ్వవిద్యాలయమువారు యాదృచ్ఛికముగా ప్రోగ్రాములను సృష్టించి కంపైలరులను పరీక్షించి, మూడేండ్లలో 325కు మించిన క్రొత్త దోషములను కనుగొని 2011లో ప్రకటించిరి. పరీక్షకు వచ్చిన ప్రతి కంపైలరును ఏదో యొకచోట, హెచ్చరికయైన లేక, తప్పు సూచనలను వెలువరించెను. అందొక విశేషము గమనింపదగినది. ఫ్రాన్సు దేశమున జేవియర్ లెరోయ్ ప్రభృతులు గణితనిరూపణముతో నిర్మించిన కాంప్‌సర్ట్ అను కంపైలరుయొక్క మధ్యభాగమున వారికి తప్పు సూచనలను పుట్టించు దోష మొక్కటియు దొరకలేదు. ఈ దారినే మరికొందరు ఎల్.ఎల్.వి.యం.లోని సంస్కరణములను గణితముచేత పరీక్షింపగా, 2015లో 334 సూత్రములందు 8 అసత్యములని తేలెను. 2021లో అదే బృందమువారి తరువాతి సాధనము మరి 47 దోషములను వెలికితీసెను.

1957లో వేగము వచ్చునా అని సందేహించిరి. వేగము వచ్చినది. తరువాత నిలిచిన ప్రశ్న అర్థమును గూర్చినది. మూలమును వ్రాసినవాడు మనస్సున నుంచుకొని పలుకని నియమము, కంపైలరు తనకు అనుకూలముగా ఊహించుకొన్న నియమము, ఈ రెండును కలియనిచోట మధ్యమ సంకేతము తప్పుదారి పట్టినది. ఆ నియమములను వ్రాతలో పెట్టుట, వ్రాసినదానిని నిరూపించుట నెమ్మదియైన పనులు. కాని నేడు వైద్యశాలలోని పరికరమును, ఆకాశమున నెగురు విమానమును, బ్యాంకు లెక్కలును కంపైలరు చేతిమీదుగా వచ్చిన సూచనలతోనే నడచుచున్నవి. ఒక పరీక్ష వృథాయని కొట్టివేయుటకు ముందు, అది ఎవరి క్షేమమునకై వ్రాయబడినదో విచారించుట వ్రాయువానికిని, అనువదించు యంత్రమును నిర్మించువానికిని సమానమైన ధర్మము.