తుపాకీ తన్ను, మూతి దగ్గరి కళ్లెం

కోనసీమ నుంచి సైన్యంలోనో పోలీసు శాఖలోనో చేరిన కుర్రాళ్లు తొలి సెలవుకు ఇంటికొచ్చి చెప్పే ముచ్చట్లలో తుపాకీ తన్ను ఒకటి. బట్టును భుజానికి బిగించి ఆనించకుండా ట్రిగ్గర్ నొక్కితే కండ కమిలిపోతుంది. రెండో గుండుకల్లా కన్ను తనంతట తానే మూసుకుంటుంది, గురి తప్పుతుంది. గోదావరి అవతల తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. ఆ తరాల వాళ్ల భుజాలకు బాగా తెలిసిన తన్ను .303 రైఫిల్‌ది.

అది ఎంత గట్టిగా తన్నేదో లెక్క వేసి చూద్దాం. తూటా బరువు 11.3 గ్రాములు, వేగం సెకనుకు 744 మీటర్లు. వెనక మండిన మందు 2.4 గ్రాములే. కానీ అది వాయువుగా మారి, తూటా బయటపడగానే దానికంటే వేగంగా, సెకనుకు సుమారు 1,200 మీటర్ల చొప్పున మూతి నుంచి దూకుతుంది. ఈ రెండింటికీ బదులుగా నాలుగు కేజీల రైఫిల్ సెకనుకు మూడు మీటర్లకు కాస్త తక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. అందులో వాయువు వాటా దాదాపు నాలుగో వంతు. తూటా వాటాను ఎవరూ తగ్గించలేరు, అది ముందుకు పోవలసిందే. వాయువుకు మాత్రం ముందుకే పోవలసిన పని లేదు. తన్ను తగ్గించడానికి తుపాకీ మూతికి బిగించే మజిల్ బ్రేక్ పుట్టుకంతా ఈ వెసులుబాటులోంచే వచ్చింది.

కాలువగట్టున ఆయిల్ ఇంజన్ పెట్టి కొబ్బరితోటకు నీళ్లు తోడేవాళ్లకు ఇది వింత కాదు. నీళ్లు దూకుతున్న గొట్టాన్ని వదులుగా పట్టుకుంటే వెనక్కి తోస్తుంది. చివర టీ ముక్క బిగించి నీటిని రెండు పక్కలకూ చీలిస్తే ఆ తోపుడు పోతుంది. రైఫిల్ మూతికి బిగించే బ్రేక్ చేసేదీ ఇదే. తూటాకు నడుమ దారి వదిలి, వాయువును పక్క రంధ్రాల్లోకి మళ్లిస్తుంది. రంధ్రాల గోడలు వెనక్కి వాలి ఉంటే, వాటిని గుద్దిన వాయువు తుపాకీని కాస్త ముందుకు కూడా లాగుతుంది.

ఈ లెక్కలకు పునాది వేసినవాడు మన తీరంలోనే కన్నుమూశాడు. ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ 1742లో తుపాకీ శాస్త్రం మీద పుస్తకం రాశాడు. వేలాడదీసిన చెక్క దిమ్మను తూటాతో కొట్టి, దిమ్మ ఎంత ఊగిందో చూసి తూటా వేగం కొలిచే పద్ధతి ఆయనదే. మూడేళ్లకు గణిత దిగ్గజం ఆయిలర్ ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. తర్వాత రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా కోరమాండల్ తీరానికి వచ్చి, 1751 జులైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. ఈ గడ్డ మీద ఆయనకు ఇంకో పదేళ్లు దొరికి ఉంటే ఏం కొలిచేవాడోనన్న ఆలోచన నన్ను వదలదు.

మూతి దగ్గర రంధ్రాలు వేసే ఆలోచనను ప్రయోగానికి తెచ్చింది ఫ్రెంచివాళ్లు. 19వ శతాబ్దం నడిమి దశాబ్దాల్లో ఫిరంగి దళాధికారి త్రెయ్ ద బోల్యూ, గొట్టం చివర వెనక్కి వాలిన రంధ్రాలు తొలిచి ఫిరంగి వెనక్కి రావడాన్ని బాగా తగ్గించాడు. అప్పట్లో గౌతమి ఒడ్డున, కోనసీమ పక్కనే ఉన్న యానాంలో ఎగిరేదీ ఫ్రెంచి జెండాయే. మూతి రంధ్రాల పద్ధతి వెంటనే వ్యాపించలేదు. ఆ ఫ్రెంచివాళ్లే 1897లో 75 మిల్లీమీటర్ల ఫిరంగికి నూనె, గాలి ఒత్తిడితో పనిచేసే యంత్రం పెట్టారు. గొట్టం ఒక్కటే వెనక్కి జారి మళ్లీ ముందుకొచ్చేది, చక్రాలు కదిలేవి కావు. అంత చక్కగా కుదిరాక మూతి రంధ్రాలతో ఎవరికి పని?

మళ్లీ అవసరం తెచ్చింది పొగలేని మందు. 1884లో పాల్ వియెయ్ తయారుచేసిన ఆ మందుతో తూటా వేగమూ, వాయువు ఒత్తిడీ పెరిగాయి. 1920ల్లో అమెరికా మెరైన్ అధికారి రిచర్డ్ కట్స్, థామ్సన్ తుపాకీ మూతికి పైన చీలికలున్న గొట్టం బిగించాడు. వాయువు పైకి చిమ్మితే మూతి కిందికి అణుగుతుంది. దీన్ని కాంపెన్సేటర్ అంటారు, దాని పని మూతి పైకి లేవకుండా చూడడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు 25 పౌండ్ల ఫిరంగికి, ట్యాంకుల్ని కొట్టడానికి మందు పెంచాల్సి వచ్చినప్పుడు, మూతికి బ్రేక్ వచ్చి చేరింది. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో, అంటే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో, తయారయ్యే ‘సారథ్’ యుద్ధ వాహనం 30 మిల్లీమీటర్ల గన్ చివర కూడా బ్రేక్ కనిపిస్తుంది. టీ-90 ట్యాంకు గొట్టానికి ఉండదు. దాని బాణం లాంటి గుండు చుట్టూ ఉండే తొడుగు మూతి దాటగానే విడిపోవాలి, అక్కడ అడ్డేదీ ఉండకూడదు.

ఇక రైఫిల్‌కు ఎంచుకోవడం. మందు ఎంత ఎక్కువ మండితే బ్రేక్ అంత పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఐకామ్ సంస్థ, యుఏఈకి చెందిన కారకాల్ కలిసి చేస్తున్న వాటిలో .338 లపువా మాగ్నమ్ స్నైపర్ రైఫిల్ ఉంది. ఆ తూటాలో మందు ఆరు గ్రాముల దాకా ఉంటుంది, తన్నులో వాయువు వాటా మూడో వంతుకు చేరుతుంది. అలాంటి రైఫిల్‌కు బ్రేక్ తప్పనిసరి అంటాను. భుజం మీద పడే శక్తి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి, వేగాన్ని నాలుగో వంతు తగ్గించినా శక్తి నలభై శాతానికి పైగా తగ్గుతుంది. మందు తక్కువగా మండే చిన్న తూటాలకు ఆ ప్రయోజనం పెద్దగా దక్కదు.

మూతి మీద ఏదో ఉంది గనక బ్రేకే అనుకోవద్దు. .303 రైఫిల్‌కు తేలిక రూపంగా 1944లో వచ్చిన జంగిల్ కార్బైన్ చివర గరాటు లాంటిది ఉండేది. అది మంట కనపడకుండా చేయడానికే. తుపాకీ తేలికైంది, తన్ను పెరిగింది. మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్ మూతి మీద ఉన్నదీ మంటను తగ్గించేదే.

ఎంపికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పక్కనున్నవాడి చెవి. భుజం మీద తగ్గిన తన్ను మాయమైపోదు, మోతగా, గాలి దెబ్బగా పక్కలకు పోతుంది. చెవికి శాశ్వతంగా హాని చేసే హద్దు 140 డెసిబెల్స్ అయితే రైఫిల్ మోత మామూలుగానే దాన్ని దాటుతుంది, బ్రేక్ ఇంకొంత పెంచుతుంది. జట్టుగా వరసలో పడుకుని కాల్చేచోట, గోడల మధ్య, చిన్న రంధ్రాలున్న మెత్తని రకమే తీసుకోవాలి, లేదా మానుకోవాలి. ఒంటరి స్నైపర్‌కైనా నేలవైపు రంధ్రాలున్నది వద్దు, లేచిన దుమ్ము చోటు చెప్పేస్తుంది. ఒలింపిక్ తరహా పోటీల్లో అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రైఫిళ్ల మీద మజిల్ బ్రేకులను నిషేధించింది. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్‌ది ఎయిర్ రైఫిల్. దాంట్లో మందే లేదు, తన్నూ లేనట్టే.

మన చట్టంలో తుపాకీ భాగాలు కూడా తుపాకీ కిందే లెక్క, 1959 ఆయుధాల చట్టం అలా చెబుతుంది. లైసెన్సున్నవారైనా లేత్ షాపులో మరలు కోయించుకోకూడదు. పనితనం తప్పితే ప్రమాదం కూడా. నడిమి దారి గొట్టంతో తిన్నగా, తూటా కంటే కాస్త వెడల్పుగా ఉండాలి. బిగించాక గురి మళ్లీ సరిచూసుకోవాలి. 2017లో పోఖ్రాన్‌లో ధనుష్ ఫిరంగిని పరీక్షిస్తుండగా గుండు మజిల్ బ్రేక్‌కే తగిలింది. పరీక్షలు మళ్లీ జరిగి, తొలి ఆరు ధనుష్‌లు సైన్యం చేతికి వచ్చేసరికి 2019 ఏప్రిల్ అయింది.