రతన్‌పూర్ కోట, పరిరక్షణ చరిత్ర

రతన్‌పూర్ కోట ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, కట్‌ఘోరా వెళ్లే దారిలో ఉన్న కలచురి రాజుల దుర్గం. గజకోట అనీ, హాథీ కిలా అనీ అంటారు. కోట చుట్టూ కందకం, ఊరంతా చెరువులు. ఇక్కడి రక్షణ వ్యవస్థలో రాతికి ఎంత పాత్ర ఉందో నీటికీ అంతే ఉంది.

11వ శతాబ్దంలో ఒకటవ రత్నదేవుడు రాజధానిని తుమ్మాణం నుంచి ఇక్కడికి మార్చాడు. అతని మనుమడు ఒకటవ జాజల్లదేవుడి 1114 నాటి శాసనం రతన్‌పూర్‌లోనే దొరికింది. ఆ తర్వాతి రాజు రెండవ రత్నదేవుడు, కళింగాన్ని ఏలిన అనంతవర్మ చోడగంగుణ్ని ఓడించినట్లు కలచురి శాసనాలు చెబుతాయి. కోట ద్వారంలో పాత ఆలయాల శిల్పాలను తెచ్చి అమర్చారు. గంగా యమునల మూర్తులు, తన తలలు కోసి శివుడికి అర్పిస్తున్న రావణుడు వాటిలో ప్రశస్తమైనవి. తర్వాతి మూడు శతాబ్దాల్లో కలచురుల రాయపూర్ శాఖ వేరుపడింది.

16వ శతాబ్దపు రాజు కల్యాణ్ సహాయ్ కాలం నాటి లెక్కల పుస్తకాన్ని సెటిల్‌మెంట్ అధికారి చిజమ్ 1868 నివేదికలో ఉపయోగించుకున్నాడు. దాని ప్రకారం సైన్యం 14,200: ఖడ్గధారులు 2,000, కటారివారు 5,000, తుపాకులవారు 3,600, విలుకాండ్రు 2,600, ఆశ్వికులు 1,000. ఇవి కాక 116 ఏనుగులు. కోటలోని జగన్నాథ ఆలయాన్ని కూడా ఈ రాజే కట్టించాడని చెబుతారు.

ఇంత బలగం గల కోట 1741లో భాస్కర్ పంత్ నడిపిన మరాఠా సేనకు దాదాపు పోరు లేకుండానే లొంగిపోయింది. వృద్ధుడైన అప్పటి రాజు రఘునాథ్ సింగ్ కొడుకు పోయిన దుఃఖంలో రాజ్యం పట్టించుకోలేదు. ఫిరంగి దెబ్బకు రాజభవనంలో కొంత కూలాక ఒక రాణి బురుజెక్కి సంధి జెండా చూపిందని గెజిటీర్ కథనం. మరాఠా పాలకుడు బింబాజీ భోంస్లే 1758 నుంచి 1787 వరకు ఇక్కడి నుంచే పాలించాడు. 1818లో బ్రిటిష్ అధికారి ఆగ్న్యూ పాలనా కేంద్రాన్ని రాయపూర్‌కు తరలించాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను ఎంచుకోవడంతో రతన్‌పూర్ ఇంకా వెనకబడింది. రైల్వే కొలువులకు వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు మహామాయ అమ్మవారి క్షేత్రంగానే ఎక్కువ తెలుసు.

1870లలో పురావస్తు సర్వేకు చెందిన బెగ్లర్ ఈ ప్రాంతపు కట్టడాలను పరిశీలించి నమోదు చేశాడు. శాసన పరిశోధకుడు మిరాశీ 1955లో కలచురి శాసనాల సంపుటిని వెలువరించాడు. ఆ అమూల్య కృషి లేకపోతే ఈ శిథిలాల కాలక్రమం తెలిసేది కాదు. కోట ఇప్పుడు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి లేని నిర్మాణాలను ప్రాచీన కట్టడాల చట్టానికి చేసిన 2010 సవరణ నిషేధించింది. అయితే కోటను కోటగా నిలిపిన చెరువుల్లో చాలావరకు ఆ గీతకు అవతలే ఉన్నాయి. కందకాన్ని, చెరువులను, వాటికి నీరు తెచ్చే వాలు నేలను కోటతో కలిపి ఒకే సంపదగా చూడాల్సిన అవసరం ఉంది.

పోలికకు, ఉత్తరాన కోర్బా జిల్లాలో సుమారు 3,060 అడుగుల ఎత్తున ఉన్న చైతుర్‌గఢ్ ఈ రాజ్యానికే చెందిన మరో దుర్గం. అక్కడ చాలాచోట్ల నిట్టనిలువు బండలే ప్రాకారం. మేనక, హుంకార, సింహ ద్వారాల లోపల ఐదు చెరువులున్నాయి, వాటిలో మూడింటిలో ఏడాది పొడవునా నీరుంటుంది. చుట్టూ అడవి ఇంకా నిలిచి ఉంది.